ఎడమ మూతిలో కేబుల్

నాగూర్ తప్పు ఒప్పుకున్నాడు. సుబ్బరత్నానికి నచ్చనిది అదే.

ముప్ఫై రెండేళ్ళ పోలీసు సర్వీసులో ఆవిడ ఎన్నో ఒప్పుకోళ్ళు చూసింది. కొట్టి ఒప్పించినవి చూసింది, బతిమాలి ఒప్పించినవి చూసింది. ఎస్సైగా రిటైరై డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న ఈ నాలుగేళ్ళలో ఇంకొన్ని చూసింది. ఎవరూ చెయ్యి వెయ్యకుండా, ఎవరూ అడక్కుండానే, జీపు దిగుతూనే "తప్పు నాదే సార్" అన్నవాణ్ణి మాత్రం ఇప్పుడే చూడటం.

శుక్రవారం, పదకొండూ నలభై. అరెస్టు నిన్న సాయంత్రం నాలుగింటికి చూపించారు కనక ఇవాళ నాలుగింటిలోగా నాగూర్‌ని మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆ తర్వాత జైలే. పూటపూటా సూది వేసుకోవాల్సిన చక్కెర రోగి జైలుకి వెళితే ఎలా తిరిగొస్తాడో సుబ్బరత్నానికి ఎవరూ చెప్పక్కర్లేదు. చేతిలో ఉన్నది నాలుగు గంటల ఇరవై నిమిషాలు.

కేసు చూడబోతే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది. గురువారం ఉదయం ఆరూ యాభై రెండుకి, భవానీపురం రేవు నుంచి ఏటి మధ్య లంకకి బయల్దేరిన ఫైబరు పడవ ఒకటి నీళ్ళలో నిలబడి ఉన్న పాత పంపుహౌసు సిమెంటు దిమ్మను గుద్దుకుంది. నడిపినవాడు పడవ యజమాని అచ్యుతరామారావు కొడుకు రాఘవ. ఒక్కడే ఉన్నాడు, అక్కడికక్కడే పోయాడు. బయల్దేరిన దగ్గర్నుంచీ పడవ పాములా మెలికలు తిరిగిందని రేవులో బట్టలుతికే మనిషి చెప్పింది.

ఆ పడవకున్నది ఇరవై ఏళ్ళ పాత మోటారు. అలాంటి మోటారుకి దాని ఒంటికే ఒక హ్యాండిల్ ఉంటుంది. వెనక కూర్చుని దాన్ని అటూ ఇటూ తోస్తూ నడపాలి. అరటిగెలలూ కూలీలూ ఎక్కాక వెనకున్నవాడికి ముందేముందో కనపడదు. అందుకని పోయిన ఆదివారం ఆటోనగర్ నుంచి మెకానిక్ నాగూర్‌ని పిలిపించి కేబుల్ స్టీరింగ్ పెట్టించారు. ముందు కారుకున్నట్టు చక్రం, అక్కణ్ణించి పడవ అంచు వెంట మోటారు దాకా కేబుల్. ప్రమాదం తర్వాత సీఐ వెంకటకృష్ణారావు వచ్చి చక్రం కుడికి తిప్పి చూశాడు. పడవని ఎడమకి తీసుకుపోయే వైపు తిరిగింది మోటారు. స్టీరింగ్ తలకిందులుగా ఉందన్నమాట. దిమ్మను తప్పించబోయి రాఘవ తన చేతులతో తనే దిమ్మ మీదికి తిప్పుకున్నాడు.

"ఎలా జరిగింది నాగూర్?" అనడిగింది సుబ్బరత్నం.

నాగూర్ లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి. చక్రం వెనక ఒక పెట్టె ఉంటుందని, దానికి రెండు మూతులని, కేబుల్ కుడి మూతిలో పెడితే తిప్పిన వైపుకే పడవ పోతుందని, ఎడమ మూతిలో పెడితే తిరగబడుతుందని చెప్పాడు. పొరపాటున ఎడమ మూతిలో పెట్టానన్నాడు. పాఠం ఒప్పజెప్పినట్టే ఉంది.

బిగించాక ఒక్కసారైనా తిప్పి చూళ్ళేదా అని ఆవిడ అడిగింది. చూళ్ళేదన్నాడు. ఆటోనగర్లో ఎన్నేళ్ళనుంచి అంటే ఇరవై తొమ్మిదన్నాడు. సైకిలు బ్రేకు బాగుచేసినవాడైనా ఓసారి నొక్కి చూస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు చూడలేదట.

కానిస్టేబులు టీ తెచ్చాడు. నాగూర్ గ్లాసుని రెండు అరచేతుల మధ్యా ఇరికించుకుని తాగాడు. కుడిచేతి వేళ్ళు కర్రముక్కల్లా నిటారుగా ఉండిపోయాయి. ఒక్కటీ వంగలేదు.

"ఆ చెయ్యి ఎన్నాళ్ళనుంచి అలా ఉంది?"

"రెండేళ్ళమ్మగారూ. చక్కెర. నరాలు పోయాయన్నారు."

"ఆ చేత్తో పానా ఎలా పట్టావు? పడవ అడుగున పడుకుని, చక్రం వెనక చెయ్యి దూర్చి, నట్టు ఎలా బిగించావు?"

నాగూర్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "నేనే చేశానమ్మా. రాసుకోండి. మా ఆడాళ్ళకి చెప్పండి, వకీలూ వద్దు, ఎవరూ వద్దు" అని గోడ వైపు తిరిగిపోయాడు.

సుబ్బరత్నానికి కోపం వచ్చింది. అబద్ధం చెప్పే దొంగ మీద ఆవిడకి ఎప్పుడూ కోపం రాదు, అది వాడి వృత్తి. అబద్ధం చెప్పే మంచివాడు మాత్రం అందరి కాళ్ళూ విరగ్గొడతాడు.

స్టేషను బయట రేకుల షెడ్డు కింద నాగూర్ భార్య మెహబూబ్ బీ, కూతురు అఫ్సా నిలబడి ఉన్నారు. సుబ్బరత్నాన్ని పెట్టుకున్నది మెహబూబ్ బీయే. అఫ్సాకి ఇరవై రెండు, మెకానికల్ డిప్లొమా చేసి ఇంట్లోనే ఉంటోందని నిన్న తల్లి చెప్పింది. ఆ పిల్ల నిన్నట్నుంచీ నోరు విప్పలేదు.

నాగూర్ పనిముట్ల సంచీ తెమ్మని సుబ్బరత్నం ముందే చెప్పింది. తెచ్చారు. పానాలు, గ్రీజు డబ్బా, పాత గుడ్డలు. అడుగున గుడ్డలో చుట్టి, చిన్న సీసా. ఎర్ర నెయిల్ పాలిష్. సగం అయిపోయింది.

"ఇదెవరిది?"

మెహబూబ్ బీ తెల్లబోయింది. "మాయింట్లో ఎవరూ వెయ్యరు మేడమ్. గోళ్ళకి రంగుంటే నీళ్ళు తగలవు, వుజూ చెల్లదు, నమాజుకి పనికిరాదు."

సుబ్బరత్నం అఫ్సా చేతులు పట్టుకుని చూసింది. గోళ్ళకి ఏమీ లేదు, పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. కుడి బొటనవేలి పక్కన మాత్రం, గ్రీజు ఇంకిన గీతలో, ఎర్రటి చుక్క ఒకటి ఎండి ఉంది. అరచేతుల్లో కాయలున్నాయి.

"నువ్వే బిగించావు" అంది సుబ్బరత్నం.

ఆ ఒక్క మాటకే గట్టు తెగింది. రెండేళ్ళుగా షాపులో పనంతా అఫ్సాదే. ఆడపిల్ల బిగించిందంటే పని ఇవ్వరని నాగూర్ ఎవరికీ చెప్పలేదు. రేవులో కూడా తండ్రి గట్టు మీద నిలబడి మాట్లాడేవాడు, సాయానికొచ్చానని చెప్పి పిల్ల పడవలోకి దూరేది. పాత మోటారు కాబట్టి కేబుల్ దూరాల్సిన దాని గొట్టం తుప్పు పట్టి పట్టేసిందట. రెండు గంటలు ఆయిలు పోసి, కమ్మీ పెట్టి కొట్టి, తోమి, గ్రీజు పూసి, అప్పుడు కేబుల్ దూర్చింది. ఆ యజమానికున్న రెండు పడవలకీ అదే కష్టం.

"నేను కుడి మూతిలోనే పెట్టాను మేడమ్. తిప్పి చూశాను. నాన్న డబ్బులకి వెళ్ళినప్పుడు నీళ్ళ మీద నడిపి చూశాను. నట్టు బిగించాక పెట్టె మీద నుంచి నట్టు మీదికి ఒక ఎర్రగీత గీస్తాను. నట్టు కదిలితే గీత విరిగిపోతుంది, కంటికి కనపడుతుంది. ఎడమ మూతిలో పెడితే తిరగబడుతుంది జాగ్రత్త అని ఆ రోజు రేవులో అందరికీ చూపించి మరీ చెప్పాను."

"మరి మీ నాన్న ఎందుకు ఒప్పుకున్నాడు?"

అఫ్సా కళ్ళు తుడుచుకోలేదు. "సీఐ గారు తలకిందులుగా ఉందనగానే, నేను తప్పు చేశాననుకున్నాడు. నన్ను అడగను కూడా అడగలేదు మేడమ్. ఒక్కసారి అడగొచ్చుగా."

ఇంటికెళ్ళి తలుపేసుకుని కూర్చోమని, ఎవరికీ ఏమీ చెప్పొద్దని సుబ్బరత్నం చెప్పింది. అఫ్సా తలూపింది కానీ, ఆ ఊపులో సరేనన్న భావం సుబ్బరత్నానికి కనపడలేదు. అప్పుడే ఆగి ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఆవిడ గడియారం వైపు చూసింది.

ఒంటిగంటా పదికి రేవులో ఉంది. పగిలిన పడవని గట్టు మీదికి లాగి తాళ్ళు కట్టారు. కాపలా కానిస్టేబులు ఒకప్పుడు ఆవిడ కింద పనిచేసినవాడు, పది నిమిషాలు మాత్రం చూసుకోండి మేడమ్ అని పక్కకి తిరిగాడు.

ముక్కు నుజ్జయింది కానీ చక్రం ఉన్న పలక బాగానే ఉంది. సుబ్బరత్నం చీరకొంగు దోపుకుని దాని కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసింది. మొదట కనపడింది కేబుల్ మెడ. మోటారు నుంచి పడవ కుడి అంచు వెంట నున్నగా వచ్చిన కేబుల్, పెట్టె దగ్గరికొచ్చేసరికి మెడ విరిచినట్టు వంగి, అవతలి వైపు ఎడమ మూతిలోకి దూరింది. తుప్పు గొట్టాన్ని రెండు గంటలు తోమిన మనిషి ఇలాంటి వంపు వదలదు. తర్వాత నట్టు. దాని మూలలు నలిగిపోయి ఉన్నాయి. పానా పెట్టిన నట్టు అలా నలగదు. దీన్ని ఎవరో కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పారు.

ఆఖరికి ఎరుపు. నట్టు మీద సగం గీత. మిగతా సగం కోసం ఆవిడ టార్చి జరిపింది. ఎడమ మూతి పక్కన లేదు. కుడి మూతి పక్కన, ఖాళీ మూతి అంచున, పెట్టె మీద ఉంది. ఎర్రగా, శుభ్రంగా, విరిగి.

కేబుల్ మొదట కుడి మూతిలోనే ఉంది. అక్కడే బిగించి, అక్కడే గీత గీశారు. తర్వాత ఎవరో విప్పి ఎడమకి మార్చారు.

ఆవిడ లేచి కూర్చుని ఇంకో రెండు సంగతులు చూసింది. చక్రం పై భాగంలో ఒకే చోట పాత లుంగీ గుడ్డ గట్టిగా చుట్టి ఉంది, ఒక చేత్తో పట్టుకోవడానికి వీలుగా. చక్రం ఎదురుగా ఉన్న సీటు మీద ధూళి అలాగే ఉంది. సీటు పక్కన అడ్డంగా, మడతపెట్టిన గోనెసంచి. దాని మధ్య నొక్కుకుపోయి ఉంది. రాఘవ నిలబడి నడిపాడేమో కానీ, అంతకుముందు ఇక్కడ ఎవరో పక్కకి తిరిగి కూర్చుని ఒంటి చేత్తో నడిపారు.

"లేవండి మేడమ్. చీర పాడవుతుంది."

వెంకటకృష్ణారావు గట్టు మీద నిలబడి ఉన్నాడు. పదిహేనేళ్ళ కిందట కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు పంచనామా రాయడం ఈవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు సీఐ. నేర్పినవాళ్ళ మీద నేర్చుకున్నవాళ్ళకి ఉండే కసి అంతా అతనికుంది. దానికి తోడు పోయిన ఏడాది జరిగిన సంగతొకటి ఉంది. ఒక దాడికి బయల్దేరిన అతని జీపుని సుబ్బరత్నం ఫోన్లో ఒక అబద్ధం చెప్పి ఆపించింది. అతను రోడ్డు మీద అరగంట ఆగాడు. ఆ అరగంటలో ఆవిడ తన క్లయింటుని కోర్టులో లొంగిపోయేలా చేసింది. డిపార్ట్‌మెంటంతా నవ్వింది.

ఆవిడ ఏమీ దాచలేదు. కేబుల్ వంపు, నలిగిన నట్టు, రెండు ముక్కలైన ఎర్రగీత, అన్నీ చూపించింది. ఆ ఎరుపు నాగూర్ సంచీలోని గోళ్ళరంగేనని కూడా చెప్పింది. అతను వంగి చూశాడు కూడా.

"గోళ్ళరంగు సాక్ష్యమా? జడ్జిగారికి బ్యూటీపార్లర్ మనిషిని పిలిపిద్దామా?" అన్నాడు. అంటూనే అతని మొహం మారింది. అతను తెలివితక్కువవాడు కాదు, అదే ఆవిడ బాధ. "ఆగండి. నాగూర్ సంచీలో గోళ్ళరంగా? అయితే బిగించింది కూతురన్నమాట. తండ్రి దాస్తున్నాడు. థాంక్స్ మేడమ్. రెండో ముద్దాయిని మీరే ఇచ్చారు."

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. తండ్రిని బయటికి తియ్యబోయి ఆవిడ కూతుర్ని లోపలికి తోసింది.

"గీత కుడి మూతి దగ్గరుంది వెంకటకృష్ణారావ్. పిల్ల సరిగ్గానే బిగించింది. తర్వాత ఎవరో మార్చారు."

"ఎవరు? ఎందుకు? పేరు చెప్పండి, ఇప్పుడే వదిలేస్తా." అతను ఆగాడు. ఆవిడ దగ్గర పేరు లేదు. "రెండో పడవ పైరేవులో ఉంది. అదీ ఆదివారమే, అదే చేత్తో బిగించింది. అదీ తలకిందులుగా ఉంటే ఇంక మీ ఎర్రగీతలు ఎవరికి కావాలి?"

ఇప్పుడే చూద్దాం పదమని ఆవిడ అంది. ప్రైవేటు మనుషులకి అక్కడ పని లేదని, మూడింటికి తనే చూసి పంచనామా రాస్తానని అతను అన్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు.

"ఫోన్ చేసి ఆపుదామని మాత్రం చూడకండి. ఇంకెప్పుడైనా మీరు ఆగమంటే నేను యాక్సిలరేటర్ తొక్కుతాను. ఒట్టేసుకున్నాను."

అచ్యుతరామారావు ఇల్లు రేవుకి అయిదు నిమిషాల దూరం. లెక్కల మాస్టారుగా రిటైరై, లంకలో అరటితోట చూసుకుంటున్నాడు. సుబ్బరత్నం వెళ్ళేసరికి రెండూ పది. కొడుకుని నిన్న సాయంత్రమే దహనం చేశారు. ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. ఇలాంటి సమయంలో వచ్చినందుకు ఆవిడ క్షమించమంది. ఆయన పట్టించుకోలేదు. ఎవరితోనైనా మాట్లాడుతూ ఉంటే బాగుంటుందనిపిస్తోందన్నాడు.

ఆ పడవని మామూలుగా ఎవరు నడుపుతారని అడిగింది. నాంచారయ్య అని చెప్పాడు ఆయన. అరవై ఆరేళ్ళవాడు, నలభై ఏళ్ళుగా తమ పడవలే నడుపుతున్నాడు. ప్రమాదం నాడు ఊళ్ళో లేడు, కంటి ఆపరేషనుకి ముందురోజు రాత్రే ఉయ్యూరు వెళ్ళాడు.

"చక్రం అతనికి అలవాటైందా?"

"మొదట్లో ఏడిపించింది. సోమవారం రెండుసార్లు గట్టుకి కొట్టాడు. మూడు రోజుల్లో రాకపోతే కారు డ్రైవర్ని పెట్టుకుందామని నేనే అన్నాను. బుధవారానికి అద్భుతంగా నడిపేశాడు. రాఘవ వీడియో కూడా పంపాడు." ఆయన ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు. "ఇందులో వాడి గొంతుంది."

నలభై ఒక్క సెకన్ల వీడియో. బుధవారం సాయంత్రం అయిదూ పది. గోనెసంచి మీద పక్కకి తిరిగి ఒక ముసలాయన కూర్చున్నాడు. కుడిచెయ్యి చక్రం మీద, గుడ్డ చుట్టిన చోట. వెనక నుంచి రాఘవ గొంతు నవ్వుతోంది: "చూడు నాన్నా, తాత ఎంత బాగా నేర్చుకున్నాడో." ముందు ఒక వల బెండు తేలుతోంది. ముసలాయన చెయ్యి చక్రాన్ని కుడికి తోసింది. పడవ ముక్కు ఎడమకి జరిగింది.

సుబ్బరత్నం వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. చెయ్యి కుడికి, పడవ ఎడమకి. లెక్కల మాస్టారు ఈ వీడియో నిన్నట్నుంచీ వందసార్లు చూసుంటాడు. ఆయన చూసింది ఎక్కడ, విన్నాడు అంతే. ఆవిడ ఫోన్ మెల్లగా తిరిగిచ్చింది.

"నాంచారయ్య తిరిగొచ్చాడా?"

"గంట అయింది. పెరట్లో ఉన్నాడు. ఎంత పిలిచినా లోపలికి రానంటున్నాడు."

నాంచారయ్య పెరటి మెట్టు మీద కూర్చున్నాడు. ఎడమ కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. సుబ్బరత్నం ఎదురుగా కూర్చుంది. వెనకాలే మాస్టారొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన్ని లోపలికి వెళ్ళమని చెప్పాలని ఆవిడకి అనిపించింది. చెప్పలేదు. ఆయనకి తెలిసే హక్కుంది.

"కేబుల్ నువ్వే మార్చావు కదూ, నాంచారయ్యా" అంది.

ఆయన బుకాయించలేదు. ఎవరో అడిగితే బాగుండునని గంటనుంచీ కూర్చున్నట్టు చెప్పుకొచ్చాడు.

"నలభయ్యేళ్ళమ్మా. హ్యాండిలు కుడికి తోత్తే పడవ ఎడమకి పోద్ది. నా చేతికి తెలిసింది అదొక్కటే. ఈ చక్రమేమో కుడికి తిప్పితే కుడికే పోద్ది. బుర్రకి తెలుసమ్మా, చెయ్యి వినదు. గట్టుకి రెండుసార్లు కొట్టా. ముసలాడి పనైపోయిందని కూలోళ్ళు కూడా నవ్వారు. ఆదివారం ఆ తురకల పిల్ల చెప్పింది గదా, ఈ మూతిలో పెడితే తిరగబడుద్దని. మంగళారం ఎవరూ లేనప్పుడు మార్చుకున్నా. అందరికీ తిరగబడింది నాకు సరిపోయింది."

"రాఘవకి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తీసేత్తారు గదమ్మా."

అంతే. ఇంతకంటే పెద్ద కుట్ర ఏమీ లేదు. పగ లేదు, ఆస్తి తగాదా లేదు. ముసలివాడొకడు తన పని పోకుండా చూసుకున్నాడు. రాఘవబాబు పొద్దున్నే ఏనాడూ రేవుకి రాడని, తను తిరిగొచ్చేదాకా ఎవరూ పడవ తియ్యరని ధైర్యం. గుమ్మంలోంచి మాస్టారు పొడిగా అన్నాడు:

"నేనే పంపాను వాణ్ణి. లంకలో గెలలు ఆగిపోయాయని, నువ్వు ఊళ్ళో లేవని, నేనే నిద్ర లేపి పంపాను."

నాంచారయ్య తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ మాత్రం పిడికెడు పట్టిన ప్రతివాడూ మంచివాడే. దొంగని పట్టుకుంటే కలిగే తృప్తి సుబ్బరత్నానికి ఒక్క పిసరు కూడా కలగలేదు. టైము రెండూ యాభై అయిదు. ఈ మనిషిని స్టేషనుకి తీసుకెళ్ళి వాంగ్మూలం ఇప్పిస్తే నాలుగింటిలోగా నాగూర్ బయటపడతాడు. లే, వెళ్దాం అంది. లేస్తూ, ఎందుకో అడిగింది.

"ఒక్క పడవకేనా?"

"రెంటికీనమ్మా. ఏది నడపమంటే అది నడపాలి గదా నేను."

అప్పుడే మెహబూబ్ బీ ఫోన్ చేసింది. పైరేవు నుంచి. అఫ్సా ఇంట్లోంచి వచ్చేసిందట. తను బిగించింది సరైనదేనని తనే నడిపి చూపిస్తానని సీఐ గారితో పంతం పట్టిందట. రాఘవ తిప్పిన చోటే, ఆ దిమ్మ దగ్గరే, తిప్పి చూపించమన్నాడట ఆయన. ఆయన కూడా ఎక్కాడు. చక్రం ఒకసారి తిప్పి చూసుకోమ్మా అని తల్లి అంటే, నువ్వూ నమ్మవా అందట పిల్ల. కానిస్టేబులు పడవని ప్రవాహంలోకి నెట్టి రెండు నిమిషాలైంది.

సుబ్బరత్నం పరిగెత్తింది. యాభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళతో పరిగెడుతూనే సీఐకి ఫోన్ కలిపింది.

"వెంకటకృష్ణారావ్, ఆ పడవ కూడా మార్చేశారు. తిప్పకండి, వెనక్కి..."

"ఆపమంటారా?" అతను నవ్వాడు. "ఏం చెప్పాను నేను?" లైను తెగిపోయింది. మళ్ళీ చేసింది. కట్ చేశాడు. ఏడాది కిందటి అబద్ధం ఇవాళ ఇలా వచ్చి వాకిట్లో నిలబడుతుందని ఆవిడ ఏనాడైనా అనుకుందా.

రేవు మెట్ల మీదికి వచ్చేసరికి పడవ కనపడింది. పైన నీళ్ళు వదిలారు, ఏరు జోరుగా ఉంది. ఎగువ నుంచి పడవ నేరుగా దిగివస్తోంది. పడవకి గట్టు వైపు దిమ్మ, అవతలి వైపు నడి ఏరు. చూస్తుండగానే పడవ ముక్కు కొంచెం అటు, కొంచెం ఇటు ఊగింది. పాములా మెలిక తిరిగింది. రేవులో బట్టలుతికే మనిషి చేతిలో బట్ట వదిలేసి లేచి నిలబడింది.

ఆవిడ అఫ్సా నంబరు నొక్కింది. రెండోసారి మోగగానే ఎత్తింది. మోటారు చప్పుడు, దానిమీద సీఐ గొంతు: ఆవిడ మాట వినకు, ఏదో ఎత్తు వేస్తోంది.

"అఫ్సా, కేబుల్ ఎడమ మూతిలో ఉంది. నాంచారయ్య మార్చాడు. మోటారు ఆపకు, ఏరే దిమ్మ మీదికి తోస్తుంది. చక్రం దిమ్మ వైపు తిప్పు. నేను చెప్పేది విను, దిమ్మ వైపే తిప్పు."

వెనకాల రొప్పుతూ నాంచారయ్య వచ్చాడు. కంటి గుడ్డ ఊడిపోయింది. ఒంటి చెయ్యి ముందుకి చాపి, గాలిలో లేని హ్యాండిల్‌ని తోస్తున్నాడు.

"నేను సరిగ్గానే బిగించాను మేడమ్" అంది అఫ్సా.

నిన్నట్నుంచీ తండ్రి నమ్మలేదు ఆ మాట, పోలీసులు నమ్మలేదు. ఇప్పుడు ఆ మాట ఆ పిల్లే నమ్మకుండా ఉంటేనే బతుకుతుంది.

"సరిగ్గానే బిగించావు తల్లీ. నాకు తెలుసు" అంది సుబ్బరత్నం. "అయినా దిమ్మ వైపు తిప్పు."

అవతల ఫోను కింద పడిన చప్పుడైంది; అఫ్సా రెండు చేతులూ చక్రం మీదికెళ్ళాయి. పడవకీ దిమ్మకీ మధ్య ఇంకా ముప్ఫై గజాలుంది.